బౌద్ధ విహారాలలో తేనీరు: ఔషధమా, ఆచారమా?

క్రీ.శ. 1214వ సంవత్సరం రెండవ మాసం నాలుగవ దినాన, జపాన్‌లోని కామకురా నగరంలో మూడవ షోగన్ మినమోతో సనెతోమో అస్వస్థుడయ్యాడు. ముందు రాత్రి సేవించిన మద్యమే అందుకు కారణం కావచ్చునని ‘అజుమా కగామి’ అనే ప్రభుత్వ వృత్తాంత గ్రంథం పేర్కొన్నది. ప్రార్థనలు జరిపించడానికి వచ్చిన వృద్ధభిక్షువు ఎయిసాయ్ సంగతి గ్రహించి, తన విహారం నుంచి ఒక పాత్ర తేనీరు తెప్పించి ఇచ్చాడు. తేనీటి గుణాలను కీర్తించే ఒక గ్రంథాన్ని కూడా సమర్పించాడు. అది 1211లో రచించి 1214లో సవరించిన ‘కిస్సా యోజోకి’ అని పండితులు సాధారణంగా భావిస్తారు. ఆ పేరుకు ‘తేనీటి సేవనంతో ఆయుఃపోషణ’ అని స్థూలంగా అర్థం చెప్పుకోవచ్చు.

గ్రీన్ టీ ఆరోగ్య ప్రయోజనాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఈ గ్రంథాన్ని ప్రాచీన సాక్ష్యంగా చూపడం పరిపాటి అయింది. అయితే అది దేనికి సాక్ష్యమన్నది విచారించదగిన ప్రశ్న.

తేయాకు భారతీయ సంఘానికి తెలిసిన ద్రవ్యం కాదు. కానీ అది విహారంలో ప్రవేశించడానికి అనువైన చోటు భారతీయ వినయంలోనే ఏర్పడి ఉన్నది. మధ్యాహ్నం దాటిన తరువాత భిక్షువు భుజించరాదు. మామిడి, నేరేడు, అరటి, ద్రాక్ష మొదలైన వాటితో చేసిన ఎనిమిది పానకాలు మాత్రం సేవించవచ్చు. రోగికి నెయ్యి, వెన్న, నూనె, తేనె, బెల్లం ఔషధాలుగా అనుమతించారు. వాటిని ఏడు దినాలకు మించి నిల్వ చేయరాదు. ఆహారానికీ ఔషధానికీ నడుమ వినయం గీసిన ఈ సరిహద్దు మీదనే తరువాతి కాలంలో తేనీరు నిలిచింది. ఏడవ శతాబ్ది చివర భారతదేశంలో ఉండి, నలందలో దాదాపు పదేళ్లు చదివిన చైనా యాత్రికుడు ఇత్సింగ్, తాపరోగానికి చేదు వేళ్ల కషాయాన్ని సూచిస్తూ, తేనీరు కూడా మేలే అన్నాడు. స్వదేశపు అలవాటును అతడు వైద్య ప్రకరణంలోనే ప్రస్తావించడం గమనార్హం.

చైనాలో ధ్యానసాధన ఈ అలవాటును స్థిరపరచింది. టాంగ్ కాలపు రచయిత ఫెంగ్ యాన్ కథనం ప్రకారం, కైయువాన్ యుగంలో (713–741) తైషాన్ పర్వతం మీది లింగ్యాన్ విహారంలో ధ్యానం అభ్యసించేవారు నిద్రకు లొంగకూడదు, సాయంత్రం భుజించకూడదు. తేనీరు మాత్రం తాగవచ్చు. అక్కడి నుంచి ఆ అలవాటు ఇతరులకు వ్యాపించింది. ఈ కథనంలో దీర్ఘాయువు మాట లేదు, హృద్రోగం మాట లేదు. ఉన్నది ఒక్కటే ప్రయోజనం: మెలకువ.

ఆనాటి తేనీరు ఎటువంటిదో పురావస్తువులు చెబుతాయి. 1987లో షాన్‌షీ రాష్ట్రంలోని ఫామెన్ ఆలయ స్తూపం అడుగున, 874లో మూసివేసిన భూగృహం బయటపడింది. బుద్ధధాతువులతోపాటు షిజోంగ్ చక్రవర్తి సమర్పించిన తేనీటి సామగ్రి అందులో లభించింది. ఆకును పొడిచేసే వెండి నూరుడు పరికరం, జల్లెడ, ఉప్పు ఉంచే పాత్ర వాటిలో ఉన్నాయి. ఆకును పొడిగా చేసి, ఉప్పు కలిపి తాగేవారని ఇవి తెలుపుతున్నాయి. ఎయిసాయ్ నాటికి పద్ధతి మారినా పొడి మిగిలింది. వేడినీటిలో కలిపి గిలకొట్టి, ఆకు మొత్తాన్నీ సేవించేవారు. నేడు వేడినీటిలో ఆకును నానబెట్టి తీసివేసే పానీయం దీనికంటే భిన్నమైనది.

ఇక ఎయిసాయ్ వాదం. పంచాంగాలకు పంచరుచులు ఇష్టమనీ, హృదయానికి ప్రియమైనది చేదనీ చైనా వైద్యం చెబుతుంది. జపనీయులు తక్కిన నాలుగు రుచులూ తింటూ చేదును విడిచారు. కనుకనే వారి హృదయం దుర్బలమైంది. ఆ లోటును తేనీరు తీరుస్తుంది. ఇదీ ఆయన తర్కం. మంత్రయాన సంప్రదాయాన్ని అనుసరించి ప్రతి అవయవానికీ ఒక దిక్కునూ ఒక బుద్ధుణ్ణీ జోడించాడు. గ్రంథం రెండవ భాగం మరొకటి చెబుతుంది: భూతప్రేతాల వలన కలిగే వ్యాధులకు మల్బరీ మందు. మొదటి భాగాన్ని వైద్యసాక్ష్యంగా స్వీకరించేవారు రెండవ భాగాన్ని తిరస్కరించడానికి కారణం చూపవలసి ఉంటుంది. రెండింటి తర్కమూ ఒకే పద్ధతిలో నిర్మితమైనదే.

ఆధునిక పరిశోధన మార్గం వేరు. 1929లో జపాన్ శాస్త్రవేత్త త్సుజిమురా మిచియో గ్రీన్ టీ నుంచి కాటెచిన్‌ను వేరుచేసింది. ఆ పేరు మన తాంబూలంలోని కాచుకు ఐరోపా భాషలలో ఉన్న పేరు నుంచి వచ్చింది. కాచులాగే కాటెచిన్‌లు వగరుగా ఉంటాయి. షడ్రుచులలో వగరుకు స్థానమున్నది గాని ఎయిసాయ్ పంచరుచులలో లేదు. 2006లో ప్రచురితమైన ఓసాకి అధ్యయనం ఈశాన్య జపాన్‌లో 40,530 మందిని పరిశీలించింది. రోజుకు ఐదు కప్పులు, అంతకు మించి తాగేవారిలో హృదయ రక్తనాళ వ్యాధుల మరణాలు ఒక కప్పు కూడా తాగనివారికంటే పురుషులలో 22 శాతం, స్త్రీలలో 31 శాతం తక్కువ. క్యాన్సర్ మరణాలతో సంబంధం కనిపించలేదు. ఇది పరిశీలన మాత్రమే గనుక కార్యకారణ సంబంధాన్ని నిరూపించదు.

హృదయం విషయంలో ఎయిసాయ్ మాటా ఈ అంకెలూ కలవడం ఆకర్షణీయమే. కానీ పానీయం వేరు, కారణం వేరు, ప్రమాణం వేరు. భిక్షువులు నిజంగా గమనించి చెప్పినది మెలకువ. కెఫీన్ వలన అది నేటికీ అనుభవసిద్ధం. తక్కినది సిద్ధాంతం. ఈ భేదాన్ని చెరిపివేస్తే చరిత్రకూ వైద్యానికీ అన్యాయమే జరుగుతుంది.

వినయంలో ఔషధానికి కారణం ఉండాలి, కాలం ఉండాలి, మితి ఉండాలి. తేయాకు సారాన్ని గుళికలుగా మింగే నేటివారికి ఆ మూడవ నియమం వర్తిస్తుంది. గుళికల ద్వారా రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి ప్రధాన కాటెచిన్ తీసుకుంటే కాలేయానికి హాని కలగవచ్చునని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది. ఎయిసాయ్ షోగన్‌కు ఇచ్చినది ఒక్క పాత్ర.