ఆటోమోటివ్ ఈథర్‌నెట్ ట్రాన్స్‌సీవర్: ఫ్రేమ్ దోషాల నిర్ధారణ

వాహనంలోని కెమెరాలు, రాడార్లు, నియంత్రణ యూనిట్ల మధ్య సమాచారాన్ని ఒకే మెలితిప్పిన తీగల జత మీద ఏకకాలంలో ఇరువైపులా నడిపే ఆటోమోటివ్ ఈథర్‌నెట్, అమెరికాలో బ్రాడ్‌కామ్ సంస్థ రూపొందించిన బ్రాడ్‌ఆర్-రీచ్ నుంచి ఎదిగి, 2015లో ఐఈఈఈ 802.3బీడబ్ల్యూ ప్రమాణంగా, అంటే సెకనుకు 100 మెగాబిట్ల 100బేస్-టీ1గా స్థిరపడింది. సెకనుకు గిగాబిట్ వేగం గల 1000బేస్-టీ1 2016లో వచ్చింది.

ప్రతి ఫ్రేమ్ చివర 32 బిట్ల తనిఖీ సంఖ్య ఉంటుంది. స్వీకరించే కంట్రోలర్ స్వయంగా లెక్కించిన విలువ దానితో సరిపోలకపోతే, సాధారణంగా ఆ ఫ్రేమ్‌ను పారవేసి దోషాల రిజిస్టర్‌లో అంకెను పెంచుతుంది. దోషం జరిగిందని చెప్పే ఈ రిజిస్టర్, అది ఎక్కడ జరిగిందో చెప్పదు. అందుకే ముందుగా ట్రాన్స్‌సీవర్ నివేదించే సంకేత నాణ్యతా సూచికను చదవాలి: అది తక్కువగా ఉంటే కనెక్టర్, తీగల మెలిక విప్పుకున్న చోటు, మోటార్ల విద్యుదయస్కాంత రొద అనుమానించదగినవి.

సూచిక బాగుండి, లింకు నిలకడగా ఉండి కూడా ఫ్రేములు చెడిపోతుంటే దృష్టి బోర్డు మీదికి మళ్లాలి. ట్రాన్స్‌సీవర్‌ను కంట్రోలర్‌తో కలిపే ఆర్‌జీఎంఐఐ అనుసంధానంలో, గిగాబిట్ వేగం వద్ద 125 మెగాహెర్ట్జ్ క్లాక్ రెండు అంచుల మీదా డేటా కదులుతుంది గనుక, క్లాక్‌కు సుమారు 2 నానోసెకన్ల ఆలస్యం అవసరం. ఆ ఆలస్యాన్ని రెండు చిప్‌లూ చేర్చినా, ఏదీ చేర్చకపోయినా బిట్లు తప్పుగా చదవబడతాయి. తరచూ చివరికి గాని తట్టని కారణం ఇదే. లూప్‌బ్యాక్ పరీక్షతో, అంటే పంపిన డేటాను ట్రాన్స్‌సీవర్ లోపలినుంచే వెనక్కి తిప్పి చూసి, తప్పు తీగదా బోర్డుదా అన్నది విడదీయవచ్చు.