పరిశోధనాంశం ఎంపిక (సాహిత్యం)

సాహిత్య పరిశోధనలో ఏ రచనను, ఏ ప్రశ్నతో, ఎంత మేరకు పరిశీలించాలో తేల్చుకునే తొలి దశ. అంశం సాధారణంగా చదువులోనే దొరుకుతుంది: రెండోసారి చదివినా కొరుకుడు పడని ఘట్టం, విమర్శకులు ఏకీభవించని పాత్ర, ఒక పాఠాంతరం.

విస్తృతమైన అంశాలకూ చోటుంది. సి.నారాయణరెడ్డి సిద్ధాంత గ్రంథం ‘ఆధునికాంధ్ర కవిత్వము: సంప్రదాయములు, ప్రయోగములు’ ఒక యుగాన్నే పరిధిగా తీసుకుంది. కొద్ది పుటల పత్రానికి అంత విస్తృతి తగదు.

‘గురజాడ సాహిత్యం’ క్షేత్రమే తప్ప అంశం కాదు. ‘కన్యాశుల్కం’ అన్నా పత్రానికి పెద్దదే. ఆ నాటకం 1897లో తొలి కూర్పుగా అచ్చయి, 1909లో ఎంతో పెరిగి, దాదాపు కొత్త రచనగా వచ్చింది. ఈ రెండింటి మధ్య మధురవాణి పాత్ర ఎలా మారిందని అడిగితే, ఆధారాలు చేతికందే అంశం ఏర్పడుతుంది. ఇంకా కుదించి, మలి కూర్పు చివర ఆమెకూ సౌజన్యారావు పంతులుకూ నడిచే సంభాషణ ఒక్కదాన్నే తీసుకోవచ్చు. చిన్న పత్రానికి అదే మేలు. ‘సంఘ సంస్కర్తగా గురజాడ’ వంటి శీర్షికల్లో జవాబు ముందే ఉంటుంది, వెతకడానికి ఏమీ మిగలదు.

అంశం ఖాయం చేసుకునే ముందు పూర్వ పరిశోధనలు చూడాలి. భారతీయ విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలు అనేకం ‘శోధగంగ’ భాండాగారంలో ఉన్నాయి. పాత వ్యాసాలకు, 1924లో మొదలైన ‘భారతి’ సంచికలు గొప్ప ఆకరం. అదే రచనపై గ్రంథం వచ్చి ఉన్నా వెనుదీయనక్కర్లేదు, ప్రశ్న వేరైతే చాలు. మూల ప్రతి దొరకడం మాత్రం తప్పనిసరి: తొలి కూర్పు చూడనిదే పై పోలిక సాధ్యం కాదు.