బాయి గంట నుంచి బ్రౌజర్ పేజీ దాకా

కంటికి కనిపించని యంత్రాన్ని దూరం నుంచే నడపడం బొగ్గు బాయిలో పాత విద్యే. 1889లో ఇల్లెందులో మొదలైన సింగరేణి తవ్వకాలు గోదావరి ఒడ్డుకు చేరి గోదావరిఖని అనే ఊరే పుట్టేనాటికి బాయిలో హాలేజీ గంటలు మామూలైపోయాయి. తాడు లాగే బొగ్గు టబ్బులు కింద, ఇంజిన్ ఎక్కడో పైన. కింద తీగ లాగితే పైన గంట మోగేది. ఎన్ని గంటలు కొట్టారన్న లెక్కను బట్టి తాడు కదిలేది, ఆగేది. ఓపెన్‌కాస్టులు వచ్చాక వాకీటాకీలు చేతికొచ్చాయి. బొగ్గునూ బండనూ దాటి వాకీటాకీ తరంగం పోదు కాబట్టి భూగర్భ గనిలో మాత్రం తీగ ఫోనే దిక్కయింది.

దూరం నుంచి నడిపే ఆ విద్యే తర్వాత ఇళ్లలోని వైఫై డబ్బాకు, అంటే రౌటర్‌కు, వచ్చింది. వైఫైకి ప్రమాణం 1997లోనే వచ్చినా మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండును లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చింది 2005 జనవరిలో. బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మొదలైందీ ఆ నెలలోనే. వైర్‌లెస్ డబ్బాకు తనదంటూ ఒక వెబ్ పేజీ ఉండటం అప్పట్లో చిన్న విషయమేం కాదు. అంతకుముందు ఇలాంటి పరికరాన్ని సరిచేయాలంటే కేబుల్ తగిలించి, నల్లటి తెర మీద కమాండ్లు కొట్టే నిపుణుడు రావాలి. బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టి, రెండు గడుల్లోనూ 'అడ్మిన్' అని నింపితే చాలనేసరికి కంప్యూటర్ షాపు కుర్రాడే ఇంజనీరయ్యాడు. వైఫైకి పేరు పెట్టాడు, పాస్‌వర్డ్ పెట్టాడు. చానల్ జోలికి మాత్రం పోలేదు. గోడకు గోడ కలిసిన క్వార్టర్ల వరసలో నాలుగిళ్ల డబ్బాలూ ఆరో చానల్‌లోనే అరుచుకుంటుంటే, నెట్ నెమ్మదిగా ఉందని తిట్లు తిన్నది బీఎస్ఎన్ఎల్. ఒకదాన్ని 1కి, ఇంకొకదాన్ని 11కి మార్చుకుంటే గొడవ చాలావరకు తీరేది.

ఆ 'అడ్మిన్' పాస్‌వర్డును ఎవరూ మార్చకపోవడం అసలు జబ్బు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఇలాంటి పాస్‌వర్డులతోనే లక్షల కెమెరాలను, రౌటర్లను లొంగదీసుకుంది.

ఒకే ఆఫీసులో డబ్బాలు పదయ్యేసరికి పేజీలూ పదయ్యాయి. వైఫై పాస్‌వర్డ్ మార్చేటప్పుడు ఒక పేజీ మరిచిపోతే ఆ గది దగ్గర ఫోన్లు నెట్ అందుకోవు. అన్నిటినీ ఒకేచోట నుంచి నడిపే కంట్రోలర్లు ఇందుకే పుట్టాయి. రెండు డబ్బాల దుకాణానికి మాత్రం అవి దండగ ఖర్చని నా లెక్క.

భూగర్భ గనిలో లెక్క వేరు. అక్కడ డబ్బా మూత విప్పి చూడటం తేలిక కాదు. గ్యాసున్న గనిలో నిప్పురవ్వ పుట్టని పరికరమే ఉండాలి, దానికి గనుల భద్రతా శాఖ ఆమోదమూ కావాలి. గ్యాలరీ మలుపు తిరిగితే సిగ్నల్ పడిపోతుంది. పని స్థలం ముందుకు జరిగినకొద్దీ డబ్బానూ జరపాలి. కాబట్టి పైనుంచే సరిచేసే పేజీకి అక్కడే ఎక్కువ విలువ. అయితే మీథేన్ 1.25 శాతం దాటిందా, కరెంటు తీసేయాల్సిందే. అప్పుడు పైన పేజీ తెరుచుకోదు. డబ్బా చెడిందా, గ్యాసు వల్ల కరెంటు తీశారా అన్నది పైనున్న వాడికి తెరమీద తెలియదు. కింద పని చూసే ఓవర్‌మన్‌కు ఫోన్ కొట్టి అడగాల్సిందే.