పాత రీలుకి కొత్త పళ్ళు

"చేపల గాలం గురించి ఆడవాళ్ళకేం చెబుతావు, పులుసు గురించి చెప్పరాదూ!" అంటుంది మా వదిన. పులుసు సంగతి ఆవిడకే వదిలేస్తున్నాను. కానీ గాలపు కర్రకి తగిలించే ఆ చిన్న రీలు ఉందే, అది మనకి బొత్తిగా పరాయిది కాదు. కుట్టు మిషనులో బాబిన్ చుట్టిన వాళ్ళెవరికైనా దాని సంగతి సగం తెలిసినట్టే. దారం చిక్కుపడకుండా చుట్టాలి, అడిగినప్పుడు వదలాలి, గుంజినప్పుడు తెగకుండా చూసుకోవాలి. ఇంతే కదా దాని ఉద్యోగం! ఈ మూడు పనుల కోసమే మగవాళ్ళు 800 ఏళ్ళుగా తలలు బద్దలు కొట్టుకుంటున్నారు.

నాకీ గొడవ మా అన్నయ్య వల్ల వచ్చింది. ఆయన విశాఖపట్నం రేవులో ఉద్యోగం చేసేవాడు. 1970ల్లో ఓడలో పనిచేసే ఒకాయన దగ్గర స్వీడన్ దేశపు రీలు కొన్నాడు. ఎర్రగా, గుప్పెట్లో పట్టేంత ఉంటుంది. దాంతోపాటు ఒక తోలు సంచీ, సంచీలో బుల్లి నూనె గొట్టం, విప్పడానికి చిన్న పానా, మార్చుకోవడానికి విడిభాగాలు. అమ్మేటప్పుడే "విప్పి బాగుచేసుకో నాయనా" అని చెప్పి అమ్మారన్నమాట.

ఇప్పుడు అన్నయ్యకి ఎనభై దాటాయి, రీలుకి యాభై. చేప గుంజినప్పుడు దారం వదలకుండా బిగుసుకుపోతోంది. పోయిన సంక్రాంతి ముందు రెండు పెద్ద పారచేపలు దారం తెంపుకుని పోయాయి. అప్పట్నుంచీ సముద్రపు ఒడ్డుకి వెళ్ళడమే మానేశాడు. "ఓపిక లేదే" అంటాడు గాని, ఓపిక లేనిది రీలుకేనని అందరికీ తెలుసు. బెంగుళూరులో ఉన్న మనవడు "తాతయ్యా, అది పారెయ్, కొత్తది పంపిస్తా" అన్నాడు. "దీనికే కొత్త బేరింగులు వేయిస్తా" అన్నాడీయన. అన్ని భాగాలూ తెప్పిస్తే ఓ మోస్తరు కొత్త రీలు ఖరీదు అయ్యేట్టుంది. ఇద్దరూ ఫోనులో ముక్తసరిగా మాట్లాడుకునేదాకా వచ్చింది. "నువ్వు పుస్తకాలు చదువుతావుగా, తీర్పు చెప్పు" అని వదిన నా మీద పెట్టింది.

సరే, పుస్తకాలు తీశాను. గాలపు కర్రకి చక్రం ఉన్న పాత బొమ్మల్లో ఒకటి చైనాలో సుంగ్ రాజుల కాలం నాటిది. 1200 ప్రాంతాల చిత్రకారుడు మా యువాన్ గీశాడు. (మా యువాన్ అంటే మన యువాన్ కాదు, అతని ఇంటిపేరే మా.) చుట్టూ ఏమీ లేని నీళ్ళలో చిన్న పడవ, ఒక్క మనిషి, చేతిలో కర్ర, కర్రకి బుల్లి చక్రం. ఇంగ్లీషు పుస్తకాల్లో దాని ప్రస్తావన 1651లో వస్తుంది. రాసినాయన థామస్ బార్కర్. వృత్తి ఏమిటనుకున్నారు? వంట! ఈ సంగతి చెప్పాక వదిన కాస్త మెత్తబడింది.

ఆ తర్వాత కథలోకి గడియారాలవాళ్ళు ప్రవేశించారు. అమెరికాలో కెంటకీ రాష్ట్రంలో పారిస్ అని ఒక ఊరుంది. అక్కడ జార్జి స్నైడర్ అనే ఆయన గడియారాలూ, వెండి సామానూ చేసేవాడు. 1820కి అటూ ఇటూగా ఇత్తడి పళ్ళచక్రాలు కూర్చి మంచి రీళ్ళు తయారుచేశాడు. పిడి ఒకసారి తిప్పితే కండె నాలుగు చుట్లు తిరిగేది. పళ్ళచక్రాల రీళ్ళు అంతకుముందు ఇంగ్లండులోనూ ఉన్నాయిగాని, గడియారంలా నడిచినవి ఇవే. అప్పట్నుంచీ రీలు బాగుపడటమంటే రాపిడి తగ్గించడమే. 1890ల్లో ఇంగ్లండులోని హార్డీ సోదరులు దానికి బాల్ బేరింగులు కూడా పెట్టారు.

అయితే బేరింగులతో తీరని బాధ ఒకటుంది. దారాన్ని దూరంగా విసిరినప్పుడు కండె గిర్రున తిరుగుతుంది. ఎర నీళ్ళలో పడి ఆగిపోతుంది, కండె మాత్రం ఆగదు. ఇంకేముంది, దారమంతా పిచ్చుకగూడు! 1884లో స్కాట్లండులో మాలక్ అనే ఆయన దీనికి ఉపాయం కనిపెట్టాడు. రీలుని పక్కకి తిప్పగలిగేలా మడతబందు పెట్టాడు. విసిరేటప్పుడు పక్కకి తిప్పితే కండె కదలకుండా దారం అంచుమీదుగా జారిపోతుంది. చుట్టేటప్పుడు మళ్ళీ యథాస్థానం. బాగానే ఉంది గాని, విసిరిన ప్రతిసారీ దారంలో పురి ఎక్కుతుంది. కొన్ని విసుర్లయ్యేసరికి మెలికలే మెలికలు. పాతదానికి అతుకు వేస్తే అంతవరకే వచ్చింది.

ఇల్లింగ్‌వర్త్ అతుకు వేయలేదు. ఇంగ్లండులో బ్రాడ్‌ఫోర్డ్ ఊళ్ళో బట్టల మిల్లుల మనిషాయన. మిల్లులో దారం కండె కొసనుంచి జారడం రోజూ చూసేవాడు. కండెని అసలు తిప్పనే వద్దు, అది నిలబడి ఉంటే దారమే దాని చుట్టూ తిరిగి చుట్టుకోవాలి అనుకున్నాడు. 1905లో పేటెంటు తీసుకున్నాడు. ఇవాళ ఎక్కువమంది వాడే రీళ్ళు ఆ వంశానివే. 1949లో అమెరికాలో తుల్సా ఊళ్ళో వచ్చిన మూతరీలుదీ ఇదే సూత్రం. దాన్ని కనిపెట్టిన హల్ గడియారాలు బాగుచేసేవాడు. కిరాణాకొట్టులో పొట్లాలు కట్టే అబ్బాయి పెద్ద కండెనుంచి పురికొస లాగుతుంటే చూసి ఆలోచన వచ్చిందంటారు. దాన్ని తయారుచేసిన కంపెనీ అంతకుముందు నూనెబావుల్లో పేల్చే టైం బాంబులు చేసేది! మన దగ్గరా ఆ పురికొస లాగని కొట్టు లేదు. మనకే తట్టలేదు.

అన్నయ్య రీలు కంపెనీ కూడా గడియారాలదే. స్వీడన్‌లో 1921లో పెట్టారు. అబు అన్న పేరులో ఆ 'ఉ' అక్షరం గడియారాల కార్ఖానాకి గుర్తు. కొన్నాళ్ళు టాక్సీ మీటర్లు చేశారు. యుద్ధంలో టాక్సీలు తగ్గి మీటర్లు అడిగేవాళ్ళు లేకపోతే రీళ్ళ పని పట్టారు. 1952లో వచ్చింది ఈ ఎర్ర రీలు. కండె మరీ వేగంగా తిరిగితే లోపలి చిన్న దిమ్మలు బయటికి జరిగి, రాసుకుని, దాన్ని నెమ్మది చేస్తాయి. పిచ్చుకగూడు బాధ పూర్తిగా పోలేదు గాని, బాగా తగ్గింది. తర్వాత ఎన్ని రకాలు వచ్చినా కంపెనీవాళ్ళు చాలా భాగాలు మార్చలేదు. అందుకే యాభై ఏళ్ళ రీలుకి ఇప్పటికీ విడిభాగాలు దొరుకుతున్నాయి. మా ఇంట్లో మిక్సీకి అయిదేళ్ళకే జార్ దొరకలేదు, అది వేరే కథ.

ఇది చదివాక మనవడూ తాతా ఇద్దరూ జబ్బు ఒకటైతే మందు ఇంకోటి వేస్తున్నారనిపించింది. బేరింగులు మారిస్తే దారం ఇంకాస్త దూరం పడుతుంది. అన్నయ్య బాధ దూరం కాదు, బిగుసుకుపోవడం. అది డ్రాగ్ వాషర్ల పని. చేప గుంజినప్పుడు ఒకదానిమీద ఒకటి జారి దారం వదిలే బిళ్ళలవి. పాతవి అరిగిపోయాయి. కార్బన్ నారతో చేసిన బిళ్ళలు దొరుకుతున్నాయి, చవక కూడా. ఇక మనవడి వాదన: పాత రీలు ఒక తిప్పుకి మూడున్నర చుట్లు చుడితే కొత్తవి ఆరూ ఏడూ చుడతాయి. నిజమే. ఆ వేగం పాతదానిలో లేదు. కానీ ఎర వేసి గంటసేపు కూర్చునే మనిషికి ఆ వేగం ఎందుకు?

ఒక్క షరతు పెట్టాను. లోపలి పళ్ళచక్రాలు చూడాలి. పళ్ళు అరిగి ఉంటే పెద్దదీ చిన్నదీ రెండూ మార్చాలి, ఆ ఖర్చుకి కొత్తది కొనుక్కోవడమే మేలు. భోజనాల బల్లమీద పాత పంచె పరిచి విప్పాం. వదిన సూదిలో దారం ఎక్కించే కళ్ళద్దాలు పెట్టుకుని పన్ను పన్నూ చూసి, "నీ పళ్ళకంటే బావున్నాయి" అంది అన్నయ్యతో.

బిళ్ళలూ, వేళ్ళకి పట్టుదొరికే పెద్ద పిడీ తెప్పించాం. బేరింగులు వద్దన్నాను. వదిన తన తీర్పు తను చెప్పింది: పాతదో కొత్తదో, తడి రాళ్ళ మీదకి ఒంటరిగా మాత్రం వెళ్ళకూడదు. కొత్త రీలు పోస్టులో పంపొద్దని, తనే పట్టుకొచ్చి తాతయ్య పక్కన కూర్చోమని మనవడికి కబురు పెట్టింది. దసరా సెలవులకి వస్తానన్నాడు. ఆ బిళ్ళలకి రాసే గ్రీజు వేరే ఉందిట, పల్చటి నూనె పనికిరాదుట. అది వచ్చేదాకా అన్నయ్య ఆగడని, వదిన తన కుట్టు మిషను నూనె సీసా బీరువాలో పెట్టి తాళం వేసింది.