వోటును చదువు విధము

ఒక రాజకీయనాయకుని గుణదోషములను నిర్ణయించుటకు అతని యుపన్యాసములకంటె అతని వోట్లే నమ్మదగిన సాక్ష్యమని పలువురు చెప్పుదురు. ఈ మాట చాలవరకు నిజమే. కాని వోటును చదువుటయు నొక విద్య. ఆ విద్య లేనివారి చేతిలో సాక్ష్యము నిందగానో స్తోత్రముగానో మారిపోవును. అమెరికాలో బరాక్ ఒబామా విషయమున జరిగినది దీనికి తగిన యుదాహరణము.

ఒబామా 1997 మొదలు 2004 వరకు ఇల్లినాయ్ రాష్ట్ర సెనేటులో సభ్యుడు. గర్భస్రావమునకై చేసిన ప్రయత్నమున శిశువు ప్రాణముతో బయటపడినచో దానికి మనుష్యులకు గల రక్షణ లన్నియు కలుగవలెనని 2001లో ఆ సభయందు కొన్ని బిల్లులు వచ్చెను. మందులచే నొప్పులు తెప్పించి నెలలు నిండకమునుపే ప్రసవము చేయించు పద్ధతిలో ఇట్టిది సంభవింపవచ్చును. 22 వారములకు ముందు పుట్టిన శిశువునకు ఊపిరితిత్తులు పక్వము కాకుండుటచే సాధారణముగా బ్రదుకు నిలువదు. ఆ తరువాత పుట్టినదానికి చికిత్సచే ఆశ కలదు. చిక్కంతయు నిందే యున్నది.

బ్రదుకగలదని వైద్యునకు తోచిన శిశువునకు చికిత్స చేయవలెనని 1975 నాటి రాష్ట్రశాసనమే విధించి యుండెను. క్రొత్త బిల్లు ఆ భేదము నెంచక, సజీవముగా పుట్టిన ప్రతిశిశువును మనుష్యుడే యనెను. రెండవ వైద్యుడు కూడ ఉండవలెనని యొక తోడిబిల్లును, వ్యాజ్యము వేయుటకు హక్కు కలదని మరియొకటియు కోరెను. బ్రదుకజాలని పిండమును మనుష్యునిగా నెంచినచో గర్భస్రావపు హక్కునకే భంగము వాటిల్లుననియు, అట్టి శాసనము న్యాయస్థానమున నిలువదనియు ఒబామా సభలో వాదించి ‘హాజరు’ అని వోటు వేసెను. అవును, కాదు అనువానితోపాటు ఆ సభలో ఇట్టి మూడవ వోటు కలదు. 59 మంది గల సభలో బిల్లు నెగ్గుటకు 30 అనుకూలపు వోట్లు కావలెను గనుక, హాజరు వోటు ఫలితమున వ్యతిరేకపు వోటే యగును. 2002లోను ఆయన ఇట్టి బిల్లును వ్యతిరేకించెను.

ఆ సంవత్సరము ఆగస్టు 5వ తేదీన ఇదే విషయమైన కేంద్రశాసనముపై అధ్యక్షుడు జార్జి బుష్ సంతకము చేసెను. పుట్టుకకు పూర్వము గల హక్కులను ఈ శాసనము పెంచదు, తగ్గింపదు అను భావము గల వాక్య మొకటి అందుండుటచే ఉభయపక్షములవారును దాని నంగీకరించిరి. 2003లో ఒబామా అధ్యక్షత వహించిన ఆరోగ్యోపసంఘము రాష్ట్రపు బిల్లునకు అట్టి వాక్యమునే 10 వోట్లతో ఏకగ్రీవముగా చేర్చెను. పిమ్మట ఆ బిల్లునే 6–4 వోట్లతో త్రోసిపుచ్చెను. త్రోసిపుచ్చిన ఆర్వురిలో ఒబామా యొకడు.

2008లో ఆయన అధ్యక్షపదవికి పోటీచేయగా, ప్రతిపక్షులు శిశుహత్యను సమర్థించినవాడని నిందించిరి. కేంద్రశాసనము వంటిదే యైనచో తాను సమ్మతించి యుండెడివాడనని ఆయన చెప్పెను. పాత కాగితములు వెలువడగా, 2003 నాటి బిల్లున ఆ వాక్యము కలదని ఆయన పక్షమువారే యొప్పుకొనవలసి వచ్చెను. రాష్ట్రపు గర్భస్రావశాసనములపై దాని ప్రభావము వేరని మాత్రము వాదించిరి.

మేము ఈ రెండు మాటలలో దేనిని పూర్తిగా నంగీకరింపజాలము. ఊపిరి యాడుచున్న శిశువును చంపవలెనని ఆయన కోరినట్లు సభాపుస్తకములలో ఎచ్చటను లేదు. బ్రదుకగల శిశువునకు పూర్వశాసనపు రక్షణ యుండనే యుండెను. కాని బిల్లున రక్షకవాక్యము లేదను సమాధానము 2003 నాటి వోటునకు చెల్లదు. ప్రభావభేదమే కారణమైనచో దానిని మొదటనే చెప్పవలసి యుండెను. కారణము న్యాయమైనదే కావచ్చును. దానిని దాచుట మాత్రము న్యాయము కాదు.

2005లో, గర్భస్రావశాసనములకు భంగము లేకుండ మరికొన్ని మాటలు చేర్చి, ఇల్లినాయ్‌లో అట్టి శాసనము చేసిరి. 1975 నాటి శాసనము 2019లో రద్దయ్యెను. 1973లో ఉన్నతన్యాయస్థానము గుర్తించిన గర్భస్రావపు హక్కును ఆ న్యాయస్థానమే 2022లో త్రోసివేసెను. కావున ఏ వోటు నైనను అది పడిననాటి శాసనముల వెలుగున చదువవలెనే గాని నేటి కోపముతో చదువరాదు.

బడిలో హాజరుపట్టీ చూచి పిల్లవాడు వచ్చెనని చెప్పగలము. ఏమి నేర్చెనో చెప్పజాలము. దానికై వాని పలక చూడవలెను. ఓటరులును నాయకుని పలక నడిగి చూడవలెను. చూపుట నాయకుని విధి.