కొత్త చందమామకు పేరు ఎవరు పెడతారు? ముందు నంబర్.. ఆ తర్వాతే నామకరణం!

నేలకూలిన జటాయువును చూసి రాముడు 'లే పక్షీ' అన్నాడట.. అదే లేపాక్షి అయిందని హిందూపురం వైపు ఎవరిని అడిగినా చెబుతారు. మరి వేరే గ్రహాల చుట్టూ కొత్తగా కనిపించే చంద్రుళ్లకు పేరెవరు పెడతారు? ఆ అధికారం అంతర్జాతీయ ఖగోళ సంఘానిది (ఐఏయూ).

ముందు నంబర్: కనిపెట్టగానే పేరు రాదు. ఉదాహరణకు 'ఎస్/2025 యు1'. ఎస్ అంటే శాటిలైట్, 2025 కనిపెట్టిన ఏడాది, యు అంటే యురేనస్, 1 అంటే ఆ ఏడాది అక్కడ దొరికిన మొదటిది. జేమ్స్ వెబ్ టెలిస్కోప్ తీసిన ఫొటోల్లో ఈ బుల్లి చంద్రుడు బయటపడ్డాడు.

తర్వాత పేరు: కక్ష్య పక్కాగా తేలాక, కనిపెట్టినవాళ్లు పేరు సూచించొచ్చు. ఓకే చెప్పాల్సింది మాత్రం ఐఏయూనే. దానికీ రూల్స్ ఉన్నాయి. యురేనస్ చంద్రుళ్లకు షేక్‌స్పియర్, అలెగ్జాండర్ పోప్ రచనల్లోని పాత్రల పేర్లే పెట్టాలి. 2019లో గురుగ్రహం చంద్రుళ్లు ఐదింటికి జనం నుంచీ పేర్లు అడిగారు.

క్యూ పెద్దదే: 2025 మార్చిలో శనికి ఒకేసారి 128 కొత్త చంద్రుళ్లను గుర్తించారు. దీంతో మొత్తం 274 అయ్యాయి. చాలావాటికి ఇంకా నంబరే దిక్కు.

మన పేరూ ఉంది: శ్రీహరికోట నుంచి వెళ్లిన చంద్రయాన్-3 దిగిన చోటుకు 'శివశక్తి' అని 2023 ఆగస్టులో ప్రధాని ప్రకటించారు. ఐఏయూ ఆమోదం వచ్చింది మాత్రం 2024 మార్చి 19న.

ఇది గుర్తుంచుకోండి: డబ్బు కడితే నక్షత్రానికి మీ పేరు పెడతామని ఆన్‌లైన్‌లో ఎవరైనా అంటే నమ్మొద్దు. ఐఏయూ పేర్లు అమ్మదు. ఆ సర్టిఫికెట్లకు అధికారిక గుర్తింపు లేదు.