పులికాట్ సరస్సు పక్షి సంరక్షణ కేంద్రం

పులికాట్ సరస్సు ఆంధ్రప్రదేశ్, తమిళనాడు రాష్ట్రాల సరిహద్దులో, బంగాళాఖాతం తీరాన ఉన్న ఉప్పునీటి సరస్సు. దీనికి తెలుగులో ప్రళయ కావేరి అనే పేరు కూడా ఉన్నది. ఒడిషాలోని చిల్కా సరస్సు తరువాత ఇది భారతదేశంలో రెండవ అతి పెద్ద ఉప్పునీటి సరస్సు. సరస్సులో అధికభాగం ఆంధ్రప్రదేశ్‌లోని సూళ్లూరుపేట, తడ పరిసర మండలాలలోనూ, దక్షిణ భాగం తమిళనాడులోని తిరువళ్ళూరు జిల్లాలోనూ ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ భాగం పూర్వం నెల్లూరు జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో సూళ్లూరుపేట, తడ మండలాలు తిరుపతి జిల్లాలో చేరాయి.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1976లోనూ, తమిళనాడు ప్రభుత్వం 1980లోనూ తమ తమ భాగాలను పక్షి సంరక్షణ కేంద్రాలుగా ప్రకటించాయి. శీతాకాలంలో ఇక్కడికి వేల సంఖ్యలో ఫ్లెమింగోలు (రాజహంసలు) వస్తాయి. పడవ ప్రయాణానికీ, పక్షుల వీక్షణకూ ఈ సరస్సు ప్రసిద్ధి చెందినది. తీరంలోనూ, దీవులలోనూ నివసించే వేలాది మత్స్యకార కుటుంబాలకు ఇదే జీవనాధారం.

భౌగోళిక స్వరూపం

సరస్సు ఉత్తర దక్షిణాలుగా సుమారు 60 కి.మీ. పొడవున వ్యాపించి ఉన్నది. వెడల్పు కొన్నిచోట్ల కేవలం కొన్ని వందల మీటర్లు కాగా, మరికొన్ని చోట్ల 17 కి.మీ.ల వరకు ఉంటుంది. నీటి విస్తీర్ణం పోటు సమయంలో సుమారు 450 చ.కి.మీ., పాటు సమయంలో సుమారు 250 చ.కి.మీ. ఉంటుందని అంచనా. ఇంత విశాలమైనదైనా సరస్సు సగటు లోతు ఒక మీటరు మాత్రమే. అందువలన చాలాచోట్ల మనిషి నిలబడితే నీరు నడుము దాటదు.

సరస్సుకు, సముద్రానికి మధ్య శ్రీహరికోట దీవి పొడవైన ఇసుక అడ్డుకట్టవలె నిలిచి ఉన్నది. సరస్సులో ఇరకం, వేనాడు మొదలైన దీవులు ఉన్నాయి. కాళంగి, ఆరణి నదులు సరస్సులో కలుస్తాయి. స్వర్ణముఖి నదీ పరీవాహక ప్రాంతం నుండి కూడా కొంత నీరు ఉత్తర భాగానికి చేరుతుంది. సముద్రంతో సరస్సును కలిపే ముఖద్వారాలు మూడు: ఉత్తరాన తూపిలిపాళెం, మధ్యన రాయదొరువు, దక్షిణాన పళవేర్కాడు.

ఈశాన్య రుతుపవనాల వలన అక్టోబరు నుండి డిసెంబరు వరకు కురిసే వానలతో సరస్సు నిండుతుంది. ఆ రోజుల్లో నీటిలో ఉప్పు శాతం బాగా తగ్గుతుంది. వేసవిలో నీరు ఆవిరై కొన్ని భాగాలలో సముద్రపు నీటి కంటే ఎక్కువ ఉప్పగా మారుతుంది. ఉత్తర భాగంలో పలుచోట్ల పూర్తిగా ఎండిపోయి, బురదనేల పైన ఉప్పు పేరుకొని తెల్లగా కనబడుతుంది.

చరిత్ర

సరస్సు దక్షిణ కొసన ఉన్న పళవేర్కాడు పట్టణాన్ని ఐరోపావారు పులికాట్ అని పిలిచారు. విజయనగర రాజు వెంకటపతిరాయల కాలంలో, 1610లో, డచ్చివారు ఇక్కడ వర్తక స్థావరం నెలకొల్పుకొన్నారు. 1613లో గెల్డ్రియా కోటను నిర్మించారు. 1690 వరకు కోరమండల్ తీరంలోని డచ్చి స్థావరాలకు ఇదే ముఖ్య కేంద్రం. ఇక్కడి నుండి అద్దకపు వస్త్రాలు, రుమాళ్లు ఆగ్నేయాసియా దీవులకు ఎగుమతి అయ్యేవి. ఇదే రేవు నుండి బానిసలను కూడా ఓడలలో తరలించేవారు. 1825లో పట్టణం బ్రిటిషువారి వశమైనది. కోట శిథిలమైనా, డచ్చివారి సమాధులు నేటికీ ఉన్నాయి.

సరస్సు తూర్పు అంచు వెంబడి బకింగ్‌హాం కాలువ సాగుతుంది. 1876-78 నాటి ధాత కరువులో మద్రాసు నగర పరిధిలోని కాలువ భాగాన్ని కరువు పనిగా తవ్వించి, ఉత్తర దక్షిణ భాగాలను కలిపారు. అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం డ్యూకు పేరే కాలువకు వచ్చినది. అదే కరువు కడప, కర్నూలు, బళ్లారి జిల్లాలను తీవ్రంగా దెబ్బతీసినది.

1969లో రాకెట్ ప్రయోగ కేంద్రానికి శ్రీహరికోటను ఎంపిక చేశారు. 1971 అక్టోబరు 9న అక్కడి నుండి మొదటి సౌండింగ్ రాకెట్‌ను ప్రయోగించారు. 2002లో ఈ కేంద్రానికి సతీష్ ధావన్ పేరు పెట్టారు. సూళ్లూరుపేట నుండి శ్రీహరికోటకు వెళ్ళే రోడ్డు సరస్సు మధ్యగా వేసిన కట్ట మీదుగా పోతుంది. ఈ కట్ట నీటి సహజ ప్రవాహానికి అడ్డుగా ఉన్నదని పర్యావరణవేత్తలు భావిస్తారు.

పక్షి సంపద

వలస పక్షులు సాధారణంగా అక్టోబరులో రావడం మొదలై మార్చి వరకు ఉంటాయి. వాటిలో ముఖ్యమైనది పెద్ద ఫ్లెమింగో. ఇది మోకాలి లోతు నీటిలో నిలబడి, తలను తలక్రిందులుగా నీటిలో ముంచి, ముక్కులోని జల్లెడ వంటి నిర్మాణంతో బురదనీటిని వడకట్టి సూక్ష్మజీవులను, చిన్న రొయ్య జాతులను, నాచును తింటుంది. ఆ ఆహారంలోని వర్ణకాల వలననే దాని ఈకలకు గులాబి రంగు వస్తుంది. నీటి లోతు పెరిగినా, పూర్తిగా ఎండినా ఫ్లెమింగో మేతకు అనుకూలం కాదు. కనుక సరస్సులోని ఈ పక్షుల సంఖ్య ప్రతి ఏటి వానను బట్టి మారుతూ ఉంటుంది.

గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు, తెడ్డుమూతి కొంగలు, నారాయణ పక్షులు, కంకణాలు, నీటికాకులు, పలు రకాల బాతులు, ఉల్లంకులు కూడా ఇక్కడ కనబడతాయి.

సూళ్లూరుపేటకు ఉత్తరాన సుమారు 20 కి.మీ. దూరంలో, దొరవారిసత్రం మండలంలో, నేలపట్టు పక్షి సంరక్షణ కేంద్రం ఉన్నది. విస్తీర్ణం సుమారు 459 హెక్టార్లు. చెరువు నీటిలో నిలిచి పెరిగే చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టి పిల్లలను పొదుగుతాయి. నేలపట్టులో కాపురముంటూ, మేతకు పులికాట్‌కు వెళ్ళి రావడం ఈ పక్షుల అలవాటు. పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీరు పైరుకు బలమని గ్రామస్థుల నమ్మకం. పక్షుల రాకను వారు శుభసూచకంగా భావించి, వాటికి హాని తలపెట్టరు.

చేపల వేట

సరస్సులో తెల్ల రొయ్యలు, టైగర్ రొయ్యలు, మండపీతలు, పండుగప్ప, పాలచేప, బొంత మొదలైన జాతులు లభిస్తాయి. వీటిలో అనేక జాతులు సముద్రంలో గుడ్లు పెడతాయి. పిల్లలు ముఖద్వారాల గుండా సరస్సులోకి వచ్చి పెరుగుతాయి. కావున ముఖద్వారం పూడుకొనిపోతే నీటి మార్పిడి మాత్రమే కాక, చేపల రాక కూడా ఆగిపోతుంది.

దక్షిణ భాగంలోని మత్స్యకార గ్రామాలలో పాడు అనే పూర్వాచారం ఉన్నది. ముఖద్వారానికి సమీపంలో రొయ్యలు బాగా పడే స్థలాలను గుర్తించి, అక్కడ గుంజలకు వలలు కట్టే హక్కును గ్రామస్థులు చీట్లు వేసి వంతులవారీగా పంచుకొంటారు. ఒకరి వంతున మరొకరు వల వేయరాదు. ఇది వివాదాలను తగ్గించే, వేటకు హద్దు పెట్టే కట్టుబాటు. అయితే పాడులో చోటు లేని వర్గాలు లోతు తక్కువ ప్రాంతాలకే పరిమితం కావలసి వస్తుంది. యానాదులు, ఇరుళులు వల లేకుండానే, నీటిలో కూర్చుని చేతులతో తడిమి రొయ్యలను, పీతలను పట్టడంలో నేర్పరులు.

సముద్రంలో మరపడవల వేటపై తూర్పు తీరంలో ప్రతి ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు నిషేధం అమలులో ఉంటుంది.

పడవ ప్రయాణం

తడ మండలంలోని భీమునివారిపాళెం పడవల రేవు ఆంధ్రప్రదేశ్ వైపు ప్రధాన విహార స్థలం. ఇక్కడి నుండి ఇరకం దీవికి పడవలు నడుస్తాయి. ఇరకం వాసులకు పడవ విహార సాధనం కాదు. బడికి, సంతకు, ఆసుపత్రికి వారు దానిపైననే ఆధారపడతారు. లోతు తక్కువ కావడం వలన నాటు పడవలను గెడతో నేలకు ఆనించి నెడుతూ నడుపుతారు. వేసవిలో నీరు తగ్గినప్పుడు పడవలు బురదలో కూరుకొని పోవడం కద్దు.

నీరు నిశ్చలంగా కనబడినా సరస్సు పూర్తిగా నిరపాయకరం కాదు. ముఖద్వారాల వద్ద సముద్రపు అలలు, పోటుపాటుల వడి బలంగా ఉంటాయి. 2011 డిసెంబరు 25న పళవేర్కాడు వద్ద విహారానికి వెళ్ళిన పడవ తిరగబడి 22 మంది మరణించారు. సామర్థ్యానికి మించి జనాన్ని ఎక్కించడం, రక్షణ కవచాలు లేకపోవడం ఈ ప్రమాదంలో వెల్లడైన లోపాలు. లైఫ్ జాకెట్ ధరించడం, పడవలో పరిమితికి మించి ఎక్కకపోవడం, గాలి హెచ్చినప్పుడు ప్రయాణం మానుకొనడం తప్పనిసరి జాగ్రత్తలు.

బస, నియమాలు

సంరక్షణ కేంద్రానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. ఈ చట్టం ప్రకారం పర్యాటకం, ఛాయాగ్రహణం, శాస్త్ర పరిశోధన వంటి పనులకై అభయారణ్యంలో ప్రవేశించడానికి, బస చేయడానికి అటవీశాఖ అనుమతి అవసరం. ఆయుధాలు తీసుకొని వెళ్ళరాదు. నిప్పు పెట్టడం, మంటను ఆర్పకుండా విడిచిపోవడం నేరం. అందువలన అనుమతి లేకుండా గుడారాలు వేసి, చలిమంటలతో రాత్రి గడపడం చట్టవిరుద్ధం. సందర్శకులు సాధారణంగా సూళ్లూరుపేటలోని వసతి గృహాలలో దిగి, తెల్లవారుజామున సరస్సుకు వెళ్ళివస్తారు. శ్రీహరికోట దారిలోని అటకానితిప్ప వద్ద అటవీశాఖవారి పర్యావరణ విజ్ఞాన కేంద్రం ఉన్నది. అంతరిక్ష కేంద్రం పరిధిలోకి అనుమతి లేనిదే ఎవరినీ రానివ్వరు.

పక్షులను చూడడానికి నవంబరు నుండి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. ఉదయం, సాయంత్రం పక్షులు చురుకుగా మేస్తాయి. దుర్భిణి ఉంటే రోడ్డు మీది నుండే చక్కగా చూడవచ్చును. పక్షులను ఎగిరించి ఫొటోలు తీయడానికి పడవను గుంపు మీదికి నడపడం వాటికి హానికరం. మేత సమయంలో మాటిమాటికీ ఎగిరిన పక్షి తిన్న శక్తిని ఎగరడానికే ఖర్చు చేస్తుంది.

2001 నుండి సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండుగ జరుపుతున్నారు. 2020 తరువాత కొన్నేళ్లు ఆగిన ఈ ఉత్సవాన్ని 2025 జనవరి 18 నుండి 20 వరకు తిరిగి నిర్వహించారు. వేనాడు దీవిలోని దర్గా మరొక సందర్శనీయ స్థలం.

రవాణా సౌకర్యాలు

సూళ్లూరుపేట చెన్నై - గూడూరు రైలు మార్గంలోనూ, 16వ నంబరు జాతీయ రహదారిపైనా ఉన్నది. చెన్నై నుండి సుమారు 80 కి.మీ. దూరం.

రాయలసీమలోని మైదుకూరు, ప్రొద్దుటూరు ప్రాంతాలవారు 67వ నంబరు జాతీయ రహదారిపై బద్వేలు, ఆత్మకూరుల మీదుగా నెల్లూరు చేరి, అక్కడి నుండి దక్షిణంగా నాయుడుపేట దాటి సూళ్లూరుపేటకు రావచ్చును. మైదుకూరు గుండా పోయే ఈ రహదారి కృష్ణపట్నం రేవు వద్ద సముద్రతీరాన్ని చేరుతుంది. కడప నుండి రాజంపేట, రేణిగుంట, శ్రీకాళహస్తి, నాయుడుపేటల మీదుగా మరొక దారి ఉన్నది. మైదుకూరుకు దగ్గరలో జలవిహారానికి బ్రహ్మంగారిమఠం సమీపంలోని బ్రహ్మంసాగర్ జలాశయం ఉన్నది. జిల్లాలోనే ఉన్న శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం, 1986లో తిరిగి కనుగొన్న కలివికోడికి ఆశ్రయమైన మెట్ట అడవి. ఒకటి చిట్టడవి పొదలలో దాగే పక్షిదీ, మరొకటి ఉప్పునీటిలో మేసే పక్షులదీ కావడం వలన, ఈ రెండింటినీ చూసిన విద్యార్థికి ఒకే రాష్ట్రంలోని భిన్న ఆవాసాల తేడా స్పష్టంగా తెలుస్తుంది.

సమస్యలు

ఇసుక మేటలతో ముఖద్వారాలు పూడుకొనిపోవడం సరస్సు ఎదుర్కొంటున్న ప్రధాన సమస్య. నదులు తెచ్చే ఒండ్రు వలన లోతు ఏటికేడు తగ్గుతున్నది. పూడిక తీయించాలని మత్స్యకారులు ఎంతో కాలంగా కోరుతున్నారు. అయితే తీరం వెంబడి కదిలే ఇసుక మళ్లీ మళ్లీ మేట వేయడం వలన, ఒకసారి తవ్వినంత మాత్రాన ముఖద్వారం శాశ్వతంగా తెరచి ఉండదు.

1990లలో తీరమంతటా రొయ్యల చెరువులు విస్తరించాయి. వాటి వ్యర్థజలాలపై దాఖలైన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న తీర్పునిస్తూ, చిల్కా, పులికాట్ సరస్సులకు 1000 మీటర్ల లోపు రొయ్యల చెరువులు నిర్మించరాదని ఆదేశించినది. నేలపట్టు కేంద్రం కూడా ఈ ఆదేశంలో చేరి ఉన్నది.

సంరక్షణ నియమాలకు, జీవనోపాధికి మధ్య పొత్తు కుదర్చడం మరొక చిక్కు. తరతరాలుగా సరస్సులో వేట సాగించిన గ్రామాలు 1976 తరువాత అభయారణ్యం పరిధిలోకి వచ్చాయి. దీవులకు వంతెన, రోడ్డు వంటి సౌకర్యాలకు కూడా అటవీ అనుమతులు కావలసి ఉంటాయి. అయితే పక్షులకూ, మత్స్యకారులకూ కావలసినది ఒక్కటే: తెరచి ఉన్న ముఖద్వారం, కాలుష్యం లేని నీరు. చేపలు, రొయ్యలు తగ్గితే వలకూ మిగలదు, గూడబాతుకూ మిగలదు.